థర్మల్‌రైట్ పియర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ రివ్యూ: వేడి ప్రాసెసర్‌ని ఈ గాలి కూలర్ ఎంతవరకు ఆపగలదు

మంచి గాలి కూలర్ కావాలంటే జేబు ఖాళీ చేసుకోవాల్సిందే అన్న మాటకు కాలం చెల్లింది. థర్మల్‌రైట్ వాళ్ల పియర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ వచ్చాక, దీనికి రెండు మూడు రెట్ల ధర పలికే కూలర్లు ఎందుకు కొనాలో కారణం వెతుక్కోవాల్సి వస్తోంది. ఆరు, ఎనిమిది కోర్ల ప్రాసెసర్లకు దీన్ని కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పన్నెండు, పదహారు కోర్లవాటికీ పనికొస్తుంది, కాకపోతే బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో, వాట్ల పరిమితి సరిచూసుకోవాలి. ఇంటెల్ ఐ9-14900కె లాంటి దాన్ని పూర్తి వాట్ల మీద గంటల తరబడి రెండరింగ్‌కి (వీడియో, 3డీ దృశ్యాలు తయారుచేసే పనికి) వాడేవాళ్లు మాత్రం దీని జోలికి రాకపోవడమే మేలు.

ముందు వస్తువు సంగతి. పలుచటి లోహపు రేకులు పేర్చిన రెండు టవర్లు, వాటి గుండా వేడిని మోసుకెళ్లే 6 మి.మీ. మందం ఉన్న ఆరు హీట్‌పైపులు, రెండు 120 మి.మీ. ఫ్యాన్లు. అడుగుభాగం నికెల్ పూత వేసిన రాగి. ఎత్తు 155 మి.మీ. ఫ్యాన్ల పేరు టీఎల్-సీ12సీ, గరిష్ఠ వేగం 1550 ఆర్‌పీఎం, చప్పుడు 25.6 డెసిబెల్స్ అని కంపెనీ చెబుతోంది. పూర్తి వేగంలో గాలి హోరు స్పష్టంగా వినిపిస్తుంది. 1000, 1100 దగ్గర నడిస్తే క్యాబినెట్ మూసి ఉన్నప్పుడు దాదాపు వినపడదు. మదర్‌బోర్డు మీది ఒకే హెడర్‌కి (ఫ్యాన్ తీగ తగిలించే పిన్నులకి) రెండు ఫ్యాన్లూ తగిలించుకునే వై కేబుల్, చిన్న థర్మల్ పేస్ట్ ట్యూబ్ పెట్టెలోనే వస్తాయి.

పెట్టె మీది బొమ్మలకంటే, డెసిబెల్స్ లెక్కకంటే కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సినది తమ ప్రాసెసర్ ఎన్ని వాట్లు లాగుతుందన్నదే. డబ్బా మీద రాసే టీడీపీ అంకెను, అంటే ఎన్ని వాట్ల వేడి వస్తుందని కంపెనీ చెప్పే లెక్కను, నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. ఎఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌కి టీడీపీ 170 వాట్లు, కానీ సాకెట్‌కి (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకి) అనుమతించిన అసలు పరిమితి 230. రైజెన్ 7 7700ఎక్స్‌కి టీడీపీ 105, పరిమితి 142. 7800ఎక్స్3డీకి 120, 162. ఇంటెల్‌లో ఐ9-14900కెకి బేస్ 125 వాట్లు, టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 253. ఐ5-13600కె టర్బో 181 దగ్గర ఆగుతుంది. కోర్ అల్ట్రా 9 285కెకి 250. ఇవి కంపెనీలు చెప్పిన పరిమితులు. చాలా మదర్‌బోర్డులు వీటిని కూడా పట్టించుకోవు. కొన్నిటిలో డిఫాల్ట్ సెట్టింగే పరిమితిని 4096 వాట్లకు ఎత్తేస్తుంది, అంటే పరిమితి లేనట్టే లెక్క. అప్పుడు ఏ కూలర్ పెట్టినా ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకుతుంది, నింద మాత్రం కూలర్ మీద పడుతుంది.

ఈ కూలర్ సత్తా సుమారుగా 200 వాట్ల పైచిలుకు అనుకోండి. 142 వాట్లలోపు అయితే ఫ్యాన్లు సగం వేగంలో ఉండగానే పని అయిపోతుంది. 180 దగ్గర ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి, ఉష్ణోగ్రత 80లలో ఉంటుంది. 253 దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దాంతో చిప్ కాలిపోదు, పని వేగమే పడిపోతుంది.

గది ఉష్ణోగ్రత ప్రభావం అంచనా వేయడానికి తేలికైన లెక్క ఒకటుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రత తీసేసి, వచ్చినదాన్ని వాట్లతో భాగించండి. గది 25 డిగ్రీలు, ప్రాసెసర్ 85, వాట్లు 200 అనుకుందాం. వాటుకి 0.3 డిగ్రీ. అదే గది 35కి చేరితే ప్రాసెసర్ 95కి పోతుంది. కూలర్ మారలేదు, పేస్ట్ ఎండిపోలేదు, గది వేడెక్కింది అంతే. గది ఉష్ణోగ్రత చెప్పకుండా మా ప్రాసెసర్ ఇంత ఉందని చెప్పే ఏ అంకెనూ పోల్చి చూడొద్దు. వాట్లు చెప్పని అంకె అయితే మరీ దండగ.

7000 సిరీస్ రైజెన్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. కోర్లు ఉండే చిప్లెట్, అంటే లోపలి చిన్న చిప్, సుమారు 70 చదరపు మిల్లీమీటర్లే. అంత చిన్న చోటు నుంచి వంద వాట్ల పైన వేడి బయటికి రావాలి. దాన్ని కప్పే లోహపు మూత కూడా మందంగానే ఉంటుంది, పాత ఏఎం4 సాకెట్ కూలర్లు కొత్త ఏఎం5 సాకెట్‌కి సరిపోవాలని ఎత్తు అలాగే ఉంచడంతో వచ్చిన మందం అది. అందుకే లోపల చిప్ 90 దాటినా కూలర్ రేకులు పట్టుకుంటే గోరువెచ్చగానే ఉంటాయి. ఇక్కడ ఇంకా పెద్ద కూలర్ పెట్టినా దక్కేది రెండు మూడు డిగ్రీలే, ఎందుకంటే వేడి ఇరుక్కునేది కూలర్ దగ్గర కాదు, దానికంటే ముందే. 7950ఎక్స్ లాంటివి అసలు 95 డిగ్రీలను లక్ష్యంగా పెట్టుకునే వేగం పెంచుకుంటాయి. ఆ 95 చూసి కంగారు పడక్కర్లేదు. 7800ఎక్స్3డీలో కోర్ల నెత్తిన క్యాష్ మెమరీ పేర్చడం వల్ల పరిమితి 89 డిగ్రీలకే ఉంది. 9800ఎక్స్3డీలో ఆ క్యాష్‌ను కోర్ల కిందకు మార్చారు, పరిమితి 95కి పెరిగింది. గేమ్స్ ఆడేవాళ్లు ఈ రెండింటికీ పియర్‌లెస్ అసాసిన్ పెడితే మిగులు సామర్థ్యం ఉంటుంది తప్ప తక్కువ పడదు.

బిగింపు: చాలామంది తప్పు చేసేది ఇక్కడే

కొనకముందే క్యాబినెట్ వివరాల్లో కూలర్ ఎత్తు ఎంతవరకు పడుతుందో చూడండి. 160 మి.మీ. అని ఉంటే నిశ్చింత. 155 అని ఉంటే పక్క అద్దం ఫ్యాన్ క్లిప్పులకు తగిలే ప్రమాదం ఉంది, వేరే కూలర్ చూసుకోండి. ర్యామ్ ఎత్తు కూడా చూడాలి. మామూలు పొట్టి ర్యామ్‌తో గొడవ లేదు. నెత్తిన లైట్లు ఉండే పొడుగు ర్యామ్ అయితే ముందు ఫ్యాన్ దానికి అడ్డుపడుతుంది. అప్పుడు ఆ ఫ్యాన్‌ని పైకి జరిపి క్లిప్పు వేయాలి. ఫ్యాన్‌ని ఎంత పైకి జరిపితే కూలర్ మొత్తం ఎత్తు అంత పెరుగుతుంది, క్యాబినెట్ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చోటు చాలకపోతే ముందు ఫ్యాన్‌ని తీసి వెనక టవర్ వెనక వైపు, గాలిని లాగేలా పెట్టండి. పెద్ద తేడా రాదు.

ఏఎం4, ఏఎం5 బోర్డుల్లో సాకెట్‌కి రెండు వైపులా ఉండే ప్లాస్టిక్ బ్రాకెట్లను నాలుగు స్క్రూలు విప్పి తీసేయాలి, వెనక ఉన్న లోహపు ప్లేటు మాత్రం వాడుకోవాలి. ఏఎం4లో ఆ స్క్రూలు విప్పగానే ప్లేటు ఊడి కింద పడుతుంది, చేత్తో వెనక నుంచి పట్టుకోండి. ఏఎం5లో సాకెట్ స్క్రూలే దాన్ని పట్టుకుని ఉంటాయి, పడదు. ఇంటెల్ బోర్డులకు కూలర్‌తో వచ్చిన ప్లేటు వెనక పెట్టాలి. ఎల్‌జీఏ1700 సాకెట్ రంధ్రాల దూరం 78 మి.మీ., పాత 1200, 115ఎక్స్ సాకెట్లది 75. ప్లేటు మూలల్లో స్క్రూలను మీ సాకెట్ స్థానానికి జరిపారా లేదా అన్నది బోర్డు తిరగేసే ముందే చూసుకోండి. కొత్త ఎల్‌జీఏ1851 సాకెట్‌కి 1700 కొలతలే సరిపోతాయి.

ఆ తర్వాత నాలుగు ప్లాస్టిక్ స్పేసర్లు, వాటి మీద రెండు లోహపు పట్టీలు, వాటి స్క్రూలు. ఇప్పుడు మధ్య ఫ్యాన్‌ని తప్పనిసరిగా తీసి పక్కన పెట్టాలి. కూలర్‌ని బిగించే రెండు స్ప్రింగ్ స్క్రూలూ టవర్ల మధ్య సందులో ఉంటాయి, ఫ్యాన్ ఉంటే స్క్రూడ్రైవర్ దూరదు. డ్రైవర్ కాడ కూడా పొడుగ్గా ఉండాలి, పొట్టిదైతే పిడి రేకులకు కొట్టుకుంటుంది.

అడుగున ఉన్న పారదర్శక ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోవడం ఇప్పటికీ అందరికంటే ఎక్కువగా జరిగే తప్పు. బిగించే ముందు గోటితో ఓసారి గీకి చూడండి. ప్రాసెసర్ మూతను 90 శాతం పైన గాఢత ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. పేస్ట్ విషయంలో ఏఎం4, ఏఎం5కి మధ్యలో బఠాణీ గింజంత చుక్క, లేదా పలుచటి గుణకారం గుర్తు. ఎల్‌జీఏ1700 మూత పొడుగ్గా ఉంటుంది కాబట్టి మధ్యలో గీత గానీ, గుణకారం గుర్తు గానీ మేలు. ఏఎం5 మూత అంచుల్లో గాడులు ఉంటాయి, పేస్ట్ ఎక్కువైతే వాటిలోకి దిగుతుంది. మామూలు పేస్ట్ విద్యుత్తును ప్రసరించదు గనక దాంతో నష్టం లేదు, శుభ్రం చేయడమే చికాకు. లిక్విడ్ మెటల్‌ని మాత్రం ఇక్కడ వాడొద్దు. అది విద్యుత్తును ప్రసరిస్తుంది, ఒక్క చుక్క జారినా బోర్డు పోతుంది.

కూలర్‌ని దించేటప్పుడు నిట్టనిలువుగా దించండి, పక్కలకు జరపొద్దు. రెండు స్క్రూలకూ ముందు రెండు మూడు మలుపుల పట్టు ఇచ్చి, ఆ తర్వాత ఒకదానికి రెండు మలుపులు, ఇంకోదానికి రెండు మలుపులు చొప్పున మార్చి మార్చి బిగించండి. ఒక వైపే మొత్తం బిగిస్తే అడుగు వాలిపోతుంది, పేస్ట్ ఒక అంచుకు నెట్టుకుపోతుంది, రెండో అంచు దాదాపు పొడిగా మిగులుతుంది. ఆ తేడా పది డిగ్రీల పైనే కనిపించొచ్చు. స్క్రూ తనంతట తాను ఆగేదాకా తిప్పి అక్కడ ఆపేయండి, అంతకుమించి బలం పెట్టకండి.

ఫ్యాన్ దిశ కోసం వెనక వైపు చూడండి. మోటారును పట్టుకున్న ప్లాస్టిక్ పుల్లలు ఏ వైపు ఉంటాయో గాలి ఆ వైపు నుంచి బయటికి పోతుంది. రెండు ఫ్యాన్లూ ఒకే వైపు, అంటే క్యాబినెట్ వెనక ఎగ్జాస్ట్ వైపు తోయాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పెడితే రెండూ టవర్ మధ్యలో కొట్టుకుంటాయి. తీగ క్లిప్పులు ఈ కూలర్‌లో నాకు నచ్చని ఒకే ఒక భాగం. బిగుతుగా ఉంటాయి, వేలికి గుచ్చుకుంటాయి, ముఖ్యంగా మధ్య ఫ్యాన్‌కి క్లిప్పు వేసేటప్పుడు చోటు సరిపోదు. ముందు ఫ్యాన్ రంధ్రాల్లో క్లిప్పు పెట్టి, దాన్ని సందులోకి దించాక, క్లిప్పును రేకుల అంచులోని గాడిలోకి లాగితే కాస్త తేలిక.

వై కేబుల్ సీపీయూ ఫ్యాన్ హెడర్‌కే తగిలించాలి. వేరే చోట పెడితే ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ లేదన్న హెచ్చరిక వస్తుంది. కేబుల్‌లో ఒక కొసే వేగాన్ని బోర్డుకు చెబుతుంది, కాబట్టి స్క్రీన్ మీద ఒక ఫ్యానే కనిపిస్తే రెండోది పాడైందనుకోకండి, తిరుగుతోందో లేదో కంటితో చూడండి.

వేడి ఎక్కడ ఆగుతుందో పట్టుకునే పద్ధతి

ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ని కనీసం పది నిమిషాలు వరసగా నడపండి, పక్కన అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచండి. ఉష్ణోగ్రతతోపాటు ప్యాకేజీ వాట్లు, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) జరుగుతోందా లేదా, ఫ్యాన్ వేగం, ఈ మూడూ చూడాలి. ప్రైమ్95 అనే ప్రోగ్రామ్‌లోని చిన్న ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష మామూలు వాడకంకంటే చాలా కఠినం, అందులో 95 చూసి భయపడి కూలర్ మార్చేయక్కర్లేదు.

ఉష్ణోగ్రత ఎంత వేగంగా ఎక్కుతుందన్నదే అసలు ఆధారం. లోడ్ మొదలైన ఒకటి రెండు సెకన్లలోనే 95కి దూకి అక్కడే నిలిస్తే, రేకులు పెద్దగా వేడెక్కకపోతే, సమస్య ప్రాసెసర్‌కీ కూలర్ అడుగుకీ మధ్యే ఉంది: ప్లాస్టిక్ పొర, పేస్ట్, వాలిన బిగింపు, లేదా వాట్ల పరిమితి ఎత్తేసి ఉండటం. అలాకాక మొదట 75 దగ్గర ఉండి పది నిమిషాల్లో మెల్లగా 90కి పోతే, బిగింపు బాగానే ఉంది, క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. పక్క పలక తీసి చూడండి. ఐదారు డిగ్రీలు తగ్గితే రుజువైనట్టే. ఈ చిన్న పరీక్ష చేయకుండా కొత్త పేస్ట్‌లు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు.

గాలి విషయంలో ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే ఈ కూలర్‌కి సరిపోతుంది. పైన ముందు మూలలో బయటికి తోసే ఫ్యాన్ పెట్టకండి. ముందు నుంచి వచ్చే చల్లగాలి కూలర్‌ని చేరకముందే అది పైకి ఊడ్చేస్తుంది. పైన పెట్టాలనుకుంటే వెనక మూలలో పెట్టండి. ఇంకో విషయం: 300 వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని వేడిలో చాలా భాగం ఈ కూలర్ ముందు ఫ్యాన్‌లోకే పోతుంది. సినీబెంచ్‌లో చల్లగా ఉన్న ప్రాసెసర్ గేమ్‌లో వేడెక్కడానికి కారణం అదే. అందుకే చివరి పరీక్ష గేమ్‌తోనే, అరగంట ఆడాక చేయాలి.

ఫ్యాన్ వేగం మాటిమాటికీ పెరిగి తగ్గుతుంటే చెవికి చాలా విసుగు. రైజెన్లు బ్రౌజర్ తెరిచినా ఒక్క క్షణం 70కి ఎగిరి దిగుతాయి, బోర్డు డిఫాల్ట్ కర్వ్ (ఏ ఉష్ణోగ్రతకు ఫ్యాన్ ఎంత వేగమో చెప్పే సెట్టింగ్) వెంటనే ఫ్యాన్‌ని పెంచేస్తుంది. బయాస్‌లో స్టెప్ అప్ సమయం (ఫ్యాన్ వేగం పెంచేముందు ఆగే వ్యవధి) మూడు నాలుగు సెకన్లకు పెట్టి, 55 డిగ్రీల దాకా 30 శాతం, 70కి 50, 80కి 75, 88కి 100 అని కర్వ్ వేయండి. ఎక్కువ మందికి ఇక చేయాల్సిందేమీ ఉండదు.

పెద్ద కూలర్‌కి ముందు బయాస్

16 కోర్ల ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఖరీదైన కూలర్‌కి వెళ్లేముందు వాట్లు తగ్గించి చూడాలని గట్టిగా చెబుతాను. 7950ఎక్స్‌ని 105 వాట్ల టీడీపీ ఉండే ఎకో మోడ్‌లో పెడితే పరిమితి 230 నుంచి 142కి దిగుతుంది. అన్ని కోర్ల పనిలోనూ పోయేది పది శాతంలోపే, గేమ్స్‌లో తేడా కనిపెట్టడమే కష్టం. 14900కెని 253 నుంచి 180కి దించితే రెండరింగ్‌లో పది శాతం అటూఇటూగా తగ్గుతుంది, కానీ 100 డిగ్రీల గోడకు తలకొట్టుకోవడం ఆగిపోతుంది. ఎఎండీలో వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ని అన్ని కోర్లకూ మైనస్ 15తో మొదలుపెట్టండి, రెండు రోజులు స్థిరంగా ఉంటే మైనస్ 20కి వెళ్లండి. పని లేనప్పుడు హఠాత్తుగా రీస్టార్ట్ అయితే మరీ దించేశారని అర్థం.

ఇంటెల్ 13, 14 తరం కె మోడల్స్ ఉన్నవాళ్లు ఇంకో పని ముందు చేయాలి. ఎక్కువ వోల్టేజీ వల్ల చిప్ క్రమంగా దెబ్బతినే లోపం వీటిలో బయటపడింది. 2024 ఆగస్టులో 0ఎక్స్129, ఆ తర్వాతి నెలలో 0ఎక్స్12బి మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణలు) బయాస్ అప్‌డేట్ల ద్వారా వచ్చాయి. అవి ఎక్కించి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకున్నాకే వాట్ల సంగతి చూడండి. గేమ్స్ అకారణంగా మూసుకుపోతుంటే అది వేడి వల్లే అనుకుని కూలర్ మార్చడం వృథా. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఏ అప్‌డేటూ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాలి. ఇంటెల్ ఆ వారంటీని రెండేళ్లు పొడిగించింది.

ఎల్‌జీఏ1700లో సాకెట్ పట్టు ప్రాసెసర్ మధ్యలో నొక్కడం వల్ల మూత కాస్త వంగుతుంది. ఆ పట్టుకు బదులు కాంటాక్ట్ ఫ్రేమ్ అనే లోహపు చట్రం పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి, థర్మల్‌రైట్ చవకది ఒకటి అమ్ముతోంది. టీ20 టార్క్స్ బిట్ కావాలి. ఎక్కువ బిగిస్తే ర్యామ్ స్లాట్ ఒకటి కనపడకుండా పోతుంది, కొద్దిగా సడలించగానే తిరిగి వస్తుంది. వారంటీ విషయంలో బోర్డు కంపెనీ నిబంధనలు చూసుకుని మరీ మొదలుపెట్టండి.

ఇక నాక్టువా ఎన్‌హెచ్-డీ15తో పోలిక తప్పదు. 2014లో వచ్చిన ఆ కూలర్‌కి 140 మి.మీ. ఫ్యాన్లు, 165 మి.మీ. ఎత్తు, ఆరేళ్ల వారంటీ. 2024లో వచ్చిన దాని కొత్త రూపం జీ2కి ఎనిమిది హీట్‌పైపులు. ఒకే వాట్ల దగ్గర నాక్టువా చల్లగా ఉంటుంది, అంతకంటే ముఖ్యంగా నిశ్శబ్దంగా ఉంటుంది, బిగింపు సామాను కూడా మెరుగు. రికార్డింగ్ గదిలో కంప్యూటర్ ఉంటే ఆ డబ్బు న్యాయమే. మిగతావాళ్లకు ఆ కొద్ది డిగ్రీల కోసం అంత తేడా పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

నిజంగా 250 వాట్లు గంటల తరబడి నడపాల్సినవాళ్లకు 360 మి.మీ. లిక్విడ్ కూలర్ కావాలి. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 వాటిలో గట్టిది. దాని రేడియేటర్ 38 మి.మీ. మందం, ఫ్యాన్లతో కలిపి 63, క్యాబినెట్ పైభాగంలో అంత చోటు ఉందో లేదో కొలవకుండా కొనకండి. రేడియేటర్ ఎత్తైన భాగం పంపుకంటే పైన ఉండాలి, లేకపోతే గాలి బుడగలు పంపులో చేరి గరగర శబ్దం మొదలవుతుంది, పంపు ఆయుష్షు తగ్గుతుంది. పంపు ఆగిపోతే లోడ్‌లో సెకన్లలో 100 డిగ్రీలు. పియర్‌లెస్ అసాసిన్‌లో పాడయ్యేవి ఫ్యాన్లు మాత్రమే, ఒకటి ఆగినా రెండోది లాక్కొస్తుంది, బదులుగా ఏ 120 మి.మీ. ఫ్యాన్ అయినా పడుతుంది.

ఆర్నెల్లకోసారి ముందు ఫ్యాన్ క్లిప్పులు విప్పి చూడండి. ధూళి ఫ్యాన్ రెక్కల మీద కంటే దాని వెనక రేకుల ముఖం మీద గుడ్డలా పేరుకుంటుంది, బయటి నుంచి కనపడదు. గాలితో ఊదేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. పేస్ట్‌ని తేదీ చూసి మార్చక్కర్లేదు. అదే గది ఉష్ణోగ్రతలో, అవే వాట్ల దగ్గర ఏడెనిమిది డిగ్రీలు పెరిగితే మార్చండి. ఏఎం4లో కూలర్ తీసేముందు పది నిమిషాలు లోడ్ పెట్టి పేస్ట్‌ని వేడెక్కనివ్వాలి. తర్వాత కంప్యూటర్ ఆపి, కరెంటు తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ని కొద్దిగా అటూ ఇటూ మెలితిప్పి లేపండి. నేరుగా పైకి లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌కి అతుక్కుని సాకెట్లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి.